ఊపిరి పోయు యంత్రము : మూగజీవులు నేర్పిన పాఠము

కమ్మరి కొలిమిలో నిప్పుపై గాలి ఊదు తోలుసంచిని కొలిమితిత్తి అందుము. రొమ్ములో గాలిని పీల్చి విడుచు అవయవమును ఊపిరితిత్తి అందుము. రెండింటికిని 'తిత్తి' యన్నది ఒకే మాట. ఉర్దూ భాషలో 'దమ్' అనగా శ్వాస. ప్రాణమునకును ఆ మాటనే వాడుదురు. మన పల్లెలలో దమ్ము అనగా ఆయాసము. ఇట్లు రెండు భాషలవారును శ్వాసకును ప్రాణమునకును గల సంబంధమును తమ మాటలలోనే భద్రపరచుకొన్నారు.

2020, 2021 సంవత్సరములలో కరోనా వ్యాధి ప్రబలినప్పుడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలోను, చుట్టుపట్ల పల్లెలలోను 'వెంటిలేటరు' అను మాట ఇంటింటను వినబడినది. దానితోపాటు ఒక భయము కూడ ఇంటింటను ప్రవేశించినది. రోగిని వెంటిలేటరుపై ఉంచినారని కబురు వచ్చినచో ఇక ఆశ వదలుకొనవలసినదేనని పలువురు తలచినారు. ఆ యంత్రమే ప్రాణము తీయునని నమ్మినవారును కలరు. ఈ భయములో నిజమెంత? రోగి ఆ యంత్రము వద్దకు చేరునప్పటికే మృత్యుముఖమున ఉండుట ఒక కారణము. అయితే, గాలిని తప్పుడు కొలతలో ఊదినచో ఆ యంత్రము వలననే ఊపిరితిత్తులు చెడుననుట కూడ శాస్త్రము అంగీకరించిన సత్యమే. ఈ సత్యమును, దానికి విరుగుడును మానవునకు నేర్పినవి కుక్కలు, ఎలుకలు, గొఱ్ఱెలు. ఆ కథను విద్యార్థి మిత్రులకు విశదపరచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

ఊపిరితిత్తులలో నీరు చేరుట

మన ఊపిరితిత్తులలో గాలి నిండు సూక్ష్మమైన బుడగలు కోట్లకొలది కలవు. వీనిని వాయుగోణులు అందురు. ప్రతి వాయుగోణి చుట్టును రక్తకేశనాళికలు వలవలె అల్లుకొని ఉండును. గాలికిని రక్తమునకును నడుమ ఉన్న పొర మందము మిల్లీమీటరులో వేయవ వంతు కంటెను తక్కువ. ఈ పలుచని పొర గుండా ప్రాణవాయువు రక్తములోనికి, బొగ్గుపులుసు వాయువు రక్తము నుండి వెలుపలికి పోవుచుండును.

ఇంత పలుచని పొర గుండా నీరు ఏల కారిపోదు? ఈ ప్రశ్నకు 1896లో ఇంగ్లండు దేశపు శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ స్టార్లింగ్ సమాధానము చెప్పినాడు. రక్తపు ఒత్తిడి నీటిని నాళము వెలుపలికి నెట్టును. రక్తములోని మాంసకృత్తులు ఆ నీటిని లోపలికి లాగి పట్టుకొనును. ఈ రెండు బలములు సరితూగినంత కాలము క్షేమము. ఒత్తిడి మితిమీరినను, నాళపు గోడ దెబ్బతినినను నీరు వాయుగోణులలో నిండును. అప్పుడు రోగి నీటిలో మునిగినవానివలె గాలి కొరకు తహతహలాడును. నోట నురుగు వచ్చును.

మన ప్రాంతమున ఈ స్థితికి దారితీయు కారణములు అనేకము. గుండె బలహీనత, తీవ్రమైన న్యుమోనియా, రక్తమునకు పాకిన చీము, చెరువులోనో బావిలోనో మునుగుట వీనిలో కొన్ని. ఎఱ్ఱతేలు కాటు మఱియొకటి. మహారాష్ట్రలోని మహాడ్ పట్టణమున వైద్యుడు హిమ్మత్‌రావ్ బావస్కర్ ఈ తేలు విషము వలన గుండె బలహీనపడి ఊపిరితిత్తులలో నీరు చేరుటను గమనించి, ప్రాజోసిన్ అను మందుతో అనేకుల ప్రాణములు నిలుపవచ్చునని నిరూపించినాడు. ఆయన పరిశీలనలు 1980 తరువాతి సంవత్సరములలో లాన్సెట్ పత్రికలో వెలువడినవి.

తిత్తితో మొదలైన ప్రయత్నము

ఆగిన శ్వాసను మరల నడిపింపవలెనను ఆలోచన ప్రాచీనమైనది. 1543లో వెసాలియస్ తన శరీరనిర్మాణ గ్రంథములో, జంతువు వాయునాళమునకు రంధ్రము చేసి, రెల్లుగొట్టము నమర్చి గాలి ఊదినచో ఊపిరితిత్తులు లేచుననియు గుండె బలము పుంజుకొనుననియు వ్రాసినాడు. 1667లో లండనులోని రాయల్ సొసైటీ సభ్యుల యెదుట రాబర్ట్ హుక్ ఒక కుక్కను కొలిమితిత్తి వంటి తిత్తులతో గాలి ఊదుచు సజీవముగ నిలిపినాడు. పిమ్మట దాని ఊపిరితిత్తులకు చిన్న రంధ్రములు పొడిచి, ఎడతెగక గాలిని పంపినాడు. ఊపిరితిత్తులు కదలకున్నను కుక్క బ్రతికియే ఉన్నది. ప్రాణమును నిలుపునది ఊపిరితిత్తుల కదలిక కాదు, వానికి అందు క్రొత్త గాలియేనని దీనివలన తేలినది. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. మూడు శతాబ్దముల పిమ్మట దీని విలువ బయటపడినది.

తరువాతి కాలమున నీట మునిగినవారికి తిత్తులతో గాలి ఊదుట ఐరోపాలో వ్యాపించినది. కాని సుమారు 1828 నాటికి ఫ్రాన్సు దేశమున లెరోయ్ అను వైద్యుడు, తిత్తితో బలముగ గాలి ఊదినచో జంతువుల ఊపిరితిత్తులు చిరిగి అవి మరణించునని చూపినాడు. దానితో తిత్తుల వాడుక తగ్గిపోయినది.

హైదరాబాదు ప్రయోగములు

ఈ చరిత్రలో మన హైదరాబాదునకు గొప్ప స్థానము కలదు. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు ఎలగందుల జిల్లాలో చేరి నిజాము రాజ్యమున ఉన్న కాలమది. 1846లో ప్రారంభమైన హైదరాబాదు వైద్య పాఠశాల తొలి దశాబ్దములలో పాఠములను ఉర్దూలోనే బోధించినది. అట్టి పాఠశాలకు ప్రధానాధికారియైన వైద్యుడు ఎడ్వర్డ్ లారీ 1888లో ఒక ప్రశ్నను చేపట్టినాడు. మత్తుమందైన క్లోరోఫారము మోతాదు మించినప్పుడు మొదట ఆగునది గుండెయా, శ్వాసయా? ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రోత్సాహముతోను ధనసహాయముతోను హైదరాబాదు క్లోరోఫారము కమిషను ఏర్పడినది. దాని ఫలితములను లండనులోని లాన్సెట్ పత్రిక శంకించినది. అప్పుడు నిజాము ప్రభుత్వము 1000 పౌనుల ఖర్చు భరించి, ఆ పత్రిక ప్రతినిధినే పిలిపించుటకు ముందుకు వచ్చినది. ఆ విధముగ వచ్చినవాడు ప్రఖ్యాత వైద్యుడు లాడర్ బ్రంటన్. 1889లో ఆయన సమక్షమున రెండవ కమిషను వందలాది జంతువులపై ప్రయోగములు జరిపినది. ఈ పనిలో పాలుపంచుకొన్న రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తువైద్యమున తొలి మహిళలలో ఒకరుగ గౌరవింపబడుచున్నది.

మొదట శ్వాస ఆగును, గుండె తరువాత ఆగునని ఈ కమిషను ప్రకటించినది. శ్వాస ఆగిన వెంటనే కృత్రిమ శ్వాస నిచ్చినచో జంతువు కోలుకొనుననియు, ఆలస్యమైనచో కోలుకొనదనియు తెలిపినది. ఈ ప్రయోగములు ఊపిరితిత్తులలోని నీటిని గూర్చినవి కావు. అయినను, ఆగిన శ్వాసను బయటి నుండి నడిపి ప్రాణమును నిలుపుటను క్రమపద్ధతిలో, వందలాది జీవులలో పరీక్షించిన ఘనత మన రాజధానికి దక్కినది.

అయితే ఆ కమిషను తీర్పు సంపూర్ణము కాదు. 1911లో ఇంగ్లండులో గుడ్మన్ లెవీ, తేలికపాటి క్లోరోఫారము మత్తులో ఉన్న పిల్లులలో గుండె లయ తప్పి అకస్మాత్తుగ ఆగిపోవునని చూపినాడు. హైదరాబాదులో కనబడినది అబద్ధము కాదు. దానిని అన్ని సందర్భములకు వర్తింపజేయుటలోనే పొరపాటు జరిగినది. జంతు ప్రయోగముల ఫలితములను చదువు ప్రతి విద్యార్థియు ఈ హెచ్చరికను మనస్సున ఉంచుకొనవలెను.

వ్యాధిని కల్పించి చికిత్సను వెదకుట

ఒక చికిత్స మంచిదో కాదో తేల్చుటకు ఒకే విధమైన వ్యాధి గల పలు ప్రాణులు కావలెను. ఆసుపత్రిలో ఇద్దరు రోగులు ఒక్క తీరున ఉండరు. అందువలన శాస్త్రజ్ఞులు మత్తులో ఉంచిన జంతువులలో ఊపిరితిత్తుల నీటిని తామే కల్పించి, కొలిచి, చికిత్సలను పోల్చి చూచినారు. దీనికి పలు మార్గములు కలవు.

మొదటిది రక్తపు ఒత్తిడిని పెంచుట. శరీరధర్మ శాస్త్ర గ్రంథకర్తగ వైద్య విద్యార్థులందరు ఎరిగిన ఆర్థర్ గైటన్, 1959లో లిండ్సే అను సహచరునితో కలిసి కుక్కల గుండె ఎడమ కర్ణికలో ఒత్తిడిని క్రమముగ పెంచినాడు. అది సుమారు 24 మిల్లీమీటర్ల పాదరస మట్టము దాటిన పిమ్మటనే ఊపిరితిత్తులలో నీరు చేరినది. రక్తములోని మాంసకృత్తులను సగమునకు తగ్గించినప్పుడు సుమారు 11 మిల్లీమీటర్ల వద్దనే చేరినది. స్టార్లింగ్ చెప్పిన తూకము ఇట్లు అంకెలలో రుజువైనది.

రెండవది నాళపు గోడలను దెబ్బతీయుట. ఓలియిక్ ఆమ్లము పల్లీనూనెలోను, ఇతర వంటనూనెలలోను ఉండు పదార్థము. భోజనములో నిరపాయమైన ఈ ఆమ్లమును నేరుగ సిరలోనికి ఎక్కించినచో ఊపిరితిత్తులలోని సూక్ష్మనాళముల గోడలు చెడి నీరు కారును. మూడవది, 1980లో లాఖ్‌మన్ ప్రభృతులు గినీ పందులలో చేసినట్లు, ఉప్పునీటితో ఊపిరితిత్తులను పలుమారులు కడిగివేయుట. వాయుగోణుల లోపల తలతన్యతను తగ్గించు ఒక జిగురు పొర కలదు. అది కొట్టుకొనిపోయినచో తడిసిన బట్టలు ఒకదాని కొకటి అతుక్కొనునట్లు వాయుగోణుల గోడలు అతుక్కొని ముడుచుకొనిపోవును. క్రొత్త బుడగను మొదట ఊదుట ఎంత కష్టమో, అట్లు ముడుచుకొన్న వాయుగోణిని మరల తెరచుటయు అంత కష్టము.

మిగిల్చి ఉంచు ఒత్తిడి

ఈ కష్టమును తప్పించు ఉపాయమొకటి కలదు. ఊపిరి విడుచునప్పుడు గాలి నంతటిని పోనీయక, కొంత ఒత్తిడిని లోపల మిగిల్చి ఉంచుట. దీనిని వైద్యులు 'పీప్' అందురు. ఇట్టి ఆలోచనతోనే లండను వైద్యుడు పౌల్టన్ 1936లో, గుండె బలహీనత వలన నీరు చేరిన రోగులకు ఇల్లూడ్చు విద్యుత్ యంత్రము నుండి వచ్చు గాలిని ముఖమునకు బిగించిన తొడుగు ద్వారా ఒత్తిడితో పంపి ఉపశమనము కలిగించినాడు. 1967లో అమెరికాలో ఆష్‌బా, పెటీ ప్రభృతులు తీవ్ర శ్వాసబాధ గల 12 మంది రోగులను వర్ణించినప్పుడు కూడ ఈ మిగులు ఒత్తిడి ఉపకరించినట్లు తెలిపినారు.

ఈ ఒత్తిడి నీటిని ఎండగట్టునా? చాలాకాలము పలువురు అట్లే భావించినారు. 1984లో మాలో, అలీ, వుడ్ అను పరిశోధకులు నీరు చేరిన కుక్కల ఊపిరితిత్తులలో దీనిని పరీక్షించినారు. మొత్తము నీరు తగ్గలేదు. వాయుగోణులలోని నీరు వాని గోడల నడుమకు, నాళముల చుట్టునున్న చోట్లకు తొలగినది. గాలికి దారి ఏర్పడి రక్తమునకు ప్రాణవాయువు అందినది. పొలములో నిలిచిన వరద గట్టు ప్రక్కనున్న కాలువలోనికి జరిగినట్లు దీనిని ఊహింపవచ్చును. నీరు ఊరిలోనే ఉన్నను పైరు తల ఎత్తినది. అయితే ఈ ఒత్తిడి మితిమీరినచో గుండెకు మరలివచ్చు రక్తము తగ్గి రక్తపోటు పడిపోవును. కావున దీనికిని హద్దు కలదు.

ఊపిరి ఎక్కువైనచో

1974లో అమెరికాలో వెబ్, టియర్నీ అనువారు చేసిన ప్రయోగము ఈ శాస్త్రగతినే మార్చినది. వారు ఏ వ్యాధియు లేని ఎలుకలకు యంత్రముతో గాలి ఇచ్చినారు. గాలి ఒత్తిడి 14 సెంటీమీటర్ల నీటిమట్టమున ఉన్నప్పుడు గంటసేపైనను హాని కలుగలేదు. 45 సెంటీమీటర్ల ఒత్తిడితో, మిగులు ఒత్తిడి లేక ఊదినప్పుడు గంట గడువక మునుపే ఊపిరితిత్తులు నీటితో నిండి ఎలుకలు మరణించినవి. అదే 45 సెంటీమీటర్లతో ఊదుచు, ఊపిరి విడిచిన పిమ్మట 10 సెంటీమీటర్ల ఒత్తిడిని మిగిల్చినప్పుడు వాయుగోణులలో నీరు చేరలేదు. నీటిని తొలగించుటకు వాడు యంత్రమే నీటిని పుట్టింపగలదని, ప్రతి ఊపిరికిని వాయుగోణులు పూర్తిగ ముడుచుకొని మరల విచ్చుకొనుట హానికరమని దీనివలన తేలినది.

మఱి హాని చేయునది ఒత్తిడియా, ఉబ్బుటయా? 1988లో ఫ్రాన్సులో ద్రేఫుస్ ప్రభృతులు దీనిని చక్కగ విడదీసినారు. కొన్ని ఎలుకల రొమ్మునకు పట్టీ బిగించి, ఒత్తిడి ఎంత ఉన్నను ఊపిరితిత్తులు ఉబ్బకుండ చేసినారు. వానికి నీరు చేరలేదు. మఱికొన్నింటికి బయటి నుండి రొమ్మును లాగు పద్ధతిలో, ఒత్తిడి లేకయే అధికముగ ఊపిరి ఇచ్చినారు. వానికి నీరు చేరినది. కావున ముఖ్య దోషము అతిగ ఉబ్బుటయే.

ఇచట మఱియొక విషయమును గ్రహింపవలెను. నీరు చేరిన ఊపిరితిత్తులన్నియు ఒకే తీరున చెడవు. వెల్లకిల పడుకొన్న రోగిలో వీపు వైపు భాగము ముడుచుకొనిపోవును. రొమ్ము వైపు కొద్ది భాగము మాత్రమే గాలికి తెరచి ఉండును. ఇటలీ వైద్యుడు గట్టినోని పరిశీలనలలో ఈ మిగిలిన భాగము పసిబిడ్డ ఊపిరితిత్తులంతయే యని తేలినది. పెద్దవానికి తగిన గాలిని ఆ చిన్న భాగములోనికి ఊదినచో అది చిరుగక ఏమగును? కావున చిన్న ఊపిరి, తగిన మిగులు ఒత్తిడి అను రెండును కలిసిన పద్ధతి యుక్తమైనది. రొమ్ము అంతగ కదలకున్నను క్రొత్త గాలి అందినచో ప్రాణము నిలుచునని హుక్ కుక్క 1667లోనే తెలిపినది కదా!

జంతువుల నుండి రోగి వద్దకు

ఈ పాఠము మనుష్యులకు వర్తించునా? అమెరికాలో 861 మంది రోగులతో జరిపిన పరీక్షా ఫలితము 2000లో వెలువడినది. శరీరపు కిలోకు 12 మిల్లీలీటర్ల చొప్పున ఊపిరి పొందినవారిలో 39.8 శాతము మరణించినారు. 6 మిల్లీలీటర్ల చొప్పున పొందినవారిలో 31 శాతము మరణించినారు. అనగా క్రొత్త మందు ఏదియు లేకయే, ఊపిరి కొలతను తగ్గించినంత మాత్రమున ప్రతి 100 మందిలో సుమారు 9 మంది అదనముగ బ్రతికినారు.

ఇచట కిలో అనగా త్రాసు చూపు బరువు కాదు. ఎత్తును బట్టి లెక్కించునది. శరీరము లావైనంత మాత్రమున ఊపిరితిత్తులు పెరుగవు. 165 సెంటీమీటర్ల ఎత్తు గల పురుషునకు ఈ లెక్క ప్రకారము సుమారు 61.5 కిలోలు, ఊపిరికి సుమారు 370 మిల్లీలీటర్లు. 152 సెంటీమీటర్ల ఎత్తు గల స్త్రీకి సుమారు 270 మిల్లీలీటర్లు మాత్రమే. రోగి మంచము వద్ద కొలబద్దతో ఎత్తు కొలుచుట ఎంత చిన్న పని! అది మరచినచో కలుగు నష్టము ఎంత పెద్దది!

బోర్లా పడుకోబెట్టు చికిత్సయు ఇట్టిదే. కరోనా రోగులను బోర్లా పడుకోబెట్టుట చూచి బంధువులు ఆశ్చర్యపడినారు. 1987లోనే ఆల్బర్ట్ ప్రభృతులు ఓలియిక్ ఆమ్లముతో నీరు కల్పించిన కుక్కలను బోర్లా ఉంచగా రక్తములో ప్రాణవాయువు పెరుగుటను చూపినారు. వీపు వైపు ముడుచుకొన్న భాగములు తెరచుకొనుటయే దీనికి ముఖ్య కారణము. 2013లో ప్రకటింపబడిన పరీక్షలో 466 మంది తీవ్ర రోగులు పాల్గొన్నారు. 28 దినముల లోపల వెల్లకిల ఉంచినవారిలో 32.8 శాతము మరణింపగా, దినమునకు చాలాసేపు బోర్లా ఉంచినవారిలో 16 శాతము మాత్రమే మరణించినారు. ఈ చికిత్సకు ఖరీదైన సాధనము అక్కర లేదు. నలుగురైదుగురు శిక్షితులైన మనుష్యులును ఓర్పును చాలును.

అయితే జంతువులలో ఫలించినదెల్ల మనుష్యులలో ఫలింపదు. నిముషమునకు వందలాది అతిచిన్న ఊపిరులను ఇచ్చు యంత్రము జంతువులలో ఎంతో ఆశ గొలిపినది. 2013లో రెండు పెద్ద పరీక్షలు పెద్ద రోగులలో అది మేలు చేయలేదని తేల్చినవి. వానిలో ఒకదానిలో మరణములు పెరుగగా పరీక్షనే నిలిపివేసినారు. హైదరాబాదు కమిషను నాటి హెచ్చరిక నేటికిని వర్తించుచున్నది.

మన ఋణము, మన కర్తవ్యము

ఈ జ్ఞానము ఊరక రాలేదు. తమ అనుమతి అడుగబడని మూగజీవుల ప్రాణములు దీని వెల. దాహముతో అలమటించు కుక్కకు నీరు త్రాపినవాని పాపములు క్షమింపబడినవని హదీసు తెలుపుచున్నది. తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానన్న ధర్మరాజు కథ మహాభారతమున కలదు. ఈ రెండు సంప్రదాయములలో పెరిగిన మనము ఈ వెలను తేలికగ తలచరాదు. 1959లో రస్సెల్, బర్చ్ అను శాస్త్రజ్ఞులు మూడు నియమములు చెప్పినారు. సాధ్యమైనచో జంతువునకు బదులు వేరొక మార్గము వెదకుట, తప్పనిసరియైనచో సంఖ్య తగ్గించుట, బాధను తగ్గించుట. మన దేశమున 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ఇట్టి ప్రయోగములపై అదుపునకు వీలు కల్పించినది. ఒకసారి తేలిన సత్యమును ఆచరింపక విడుచుట ఆ జీవుల త్యాగమును వ్యర్థము చేయుటయే.

ఒకప్పుడు వైద్యవిద్యకు హైదరాబాదు వంటి దూరపు నగరములకు పోవలసి యుండెడిది. నేడు కోరుట్లలో పశువైద్య కళాశాల కలదు. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. జంతువుల ఊపిరిని గూర్చి చదువువారును, మనుష్యుల ఊపిరిని గూర్చి చదువువారును ఒకరి కొకరు కూతవేటు దూరముననే ఉన్నారు. మన కళాశాల విద్యార్థులలో కొందరైనను ఆ తరగతులలో చేరవలెను. చేరినవారు వెంటిలేటరు వద్ద నిలిచినప్పుడు రోగి బంధువుతో అతని భాషలో, తెలుగులోనో ఉర్దూలోనో, ఈ యంత్రము ఏమి చేయునో, ఏమి చేయలేదో విడమరచి చెప్పవలెను. యంత్రము వ్యాధిని మాన్పదు. శరీరము తనంతట తాను కోలుకొను వరకు కాలమును సంపాదించి ఇచ్చును. ఆ కాలమున ఊపిరితిత్తులకు హాని కలుగకుండ కాపాడుట వైద్యుని వంతు. ఈ మాట ముందుగనే తెలిసిన కుటుంబము భయముతో కాక వివేకముతో నిర్ణయము తీసుకొనగలదు.